మాంసం కాల్చే ఊళ్ళో కార్తీకం

అక్టోబర్ 29, చిస్తెర్నీనో

ఇటలీకి దక్షిణాన, తూర్పు సముద్రం వెంబడి ఉన్న రాష్ట్రం పూల్యా. దాని నడిమధ్యలో సున్నపురాయి మెట్ట మీద చిస్తెర్నీనో ఉంది. ఎత్తు 400 మీటర్లకు కాస్త తక్కువ, జనం పదకొండు వేలకు అటూ ఇటూ. అక్కడ మకాం పెట్టాలన్నది తమ్ముడి పట్టుదల. ఆ ఊళ్ళో మాంసం కొట్లే రాత్రిపూట హోటళ్ళయిపోతాయని ఎక్కడో చదివాడు. మేం వెళ్ళేది కార్తీకమాసంలోనని, అమ్మ నెలంతా నీచు ముట్టదని టికెట్లు కొన్నాక గాని వాడికి తట్టలేదు. "మీరు తినండిరా, నాకేం, ఇంత పెరుగన్నం దొరక్కపోతుందా" అంది అమ్మ. దొరకలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి చేరేసరికి ఊళ్ళో పిట్ట అలికిడి లేదు. కొట్లన్నీ మూసేశారు, మందుల షాపుతో సహా. ఇల్లు అద్దెకిచ్చిన పెద్దావిడ ఒక్కతే పాత ఊరి మొదట్లో తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాకు ఇటాలియన్ పది ముక్కలు. గడియారం చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, ఐదు వేళ్ళు ఎత్తింది. ఐదింటిదాకా పడుకోండి, ఈ లోపల బయట ఏమీ దొరకదు అని. అమ్మకి ఆ పద్ధతి తెగ నచ్చింది. మూడు నెలలుగా నాతో స్టుట్‌గార్ట్‌లో ఉంటూ పగటి నిద్రకి సిగ్గుపడుతోంది పాపం.

పాత ఊరు చిన్నదే. అరగంటలో చుట్టెయ్యొచ్చు, దారి తప్పకపోతే. సందులు ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సినంత ఇరుకు. పై వాటాలకి మెట్లు బయటినుంచే. గోడ, మెట్టు, అరుగు, ఆఖరికి వాన నీటి గొట్టం కూడా తెల్ల సున్నమే. ఏళ్ళ తరబడి పొర మీద పొర వేస్తూ పోవడంతో గోడల మూలలు మొన అరిగి గుండ్రబడ్డాయి. ఆ గొట్టాలు ఉత్తినే లేవు. ఈ నేల మీద పడిన వాన రాతి పగుళ్ళలోంచి లోపలికి జారిపోతుంది, పైన నది అంటూ నిలవదు. అందుకని కప్పు మీది నీటిని ఇంటి కింద తొట్టిలోకి మళ్ళించుకునేవారు. సేలె నది నీళ్ళు కొండల అవతలి నుంచి కాలవకట్టి తెస్తే బారి నగరానికి అందింది 1915లో. అంతకుముందు వానే గతి.

సాయంత్రం కూడలిలోకి వెళ్ళేసరికి ఊరు లేచింది. గడియారం స్తంభం కింద ముసలాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. కూర్చోరు, నిలబడే మాట్లాడతారు. ఒక గోడ మీద నల్ల అంచు కాగితాలు అంటించి ఉన్నాయి. చనిపోయినవాళ్ళ పేరు, వయసు, అయినవాళ్ళ పేర్లు, చర్చికి ఎన్నింటికి రావాలో. ఇద్దరు పెద్దాయనలు కళ్ళజోళ్ళు నుదుటి మీదికి నెట్టుకుని ఒక్కొక్కటే చదువుతున్నారు. ఒక కాగితం దగ్గర ఆగి చాలాసేపు వాదించుకున్నారు, బహుశా వయసు గురించి.

ఏడున్నరకి మాంసం కొట్టు. ముందు గది మామూలు కొట్టే. అద్దాల వెనక మాంసం, పైన వేలాడే సాసేజి దండలు. వెనక గదిలో రాతి పొయ్యి, బల్లలు. అద్దం దగ్గర నిలబడి ఇవి ఇన్ని, అవి అన్ని అని చూపిస్తే తూకం వేసి, ఊచలకి గుచ్చి లోపలికి పంపుతారు. పొయ్యిలో నిప్పులు ఒక వైపు, ఊచలు ఒక వైపు. మంట తగలకుండా సెగకే కాలాలి, తొందరపెడితే లాభం లేదు. ఇక్కడ పేరుపడ్డది బోంబెత్తె. పందిమెడ మాంసాన్ని పల్చగా కోసి, లోపల చీజు, ఉప్పు, మిరియాలు పెట్టి చుట్టిన చిన్న ఉండ. కొరికితే చీజు కరిగి చురుక్కుమంటుంది. ఇంకోటి గొర్రెపిల్ల కాలేయం, ఊపిరితిత్తుల ముక్కల్ని పేగుతో చుట్టి కాల్చేది. "అక్కా, ఇది బోటీయే" అని తమ్ముడు సంబరపడిపోయాడు. పసుపు కాగితం మీద పోసి తెచ్చారు. చివర్లో పచ్చి సోపు దుంప, సెలెరీ కాడలు ఇస్తారు, నోరు శుభ్రపడటానికి. అమ్మ ఆ పచ్చి కూరలు, కాల్చిన క్యాప్సికం, రొట్టె పెట్టుకుని పొయ్యికి వీపు తిప్పి కూర్చుంది. మాంసం కిలో 20 యూరోలు. మేమిద్దరం తిన్నది 600 గ్రాములు. అరలీటరు వైను, కూరలు, కూర్చున్నందుకు మనిషికి 2 యూరోలు, అన్నీ కలిపి 26 అయింది.

డబ్బు తీసుకుంటూ కొట్టతను ఎక్కడినుంచి అని అడిగాడు. ఇండియా అన్నాం. చేతిలో కత్తి పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, "భోలే బాబా!" అన్నాడు. మాకేం అర్థం కాలేదు. అతనే కత్తి మళ్ళీ తీసుకుని దాంతో ఊరి బయటికి దారి చూపించాడు.

అక్టోబర్ 30, ఓస్తూని

ఈ చుట్టుపక్కల అందరూ చూసేది ఓస్తూనిని. మూడు గుట్టల మీద తెల్లటి ఊరు, సముద్రానికి 8 కిలోమీటర్లు. సముద్రం వైపు మైదానంలోంచి వస్తుంటే బూడిదాకుపచ్చ ఆలివ్ తోటల పైన ఒక్కసారిగా తేలుతుంది. కారు పక్కకి ఆపి చాలాసేపు చూశాం. పదిహేడో శతాబ్దంలో మహమ్మారి వచ్చినప్పుడు సున్నం కాపాడిందని, అప్పటినుంచి వెయ్యడం మానలేదని చెప్పుకుంటారు.

లోపలికి వెళ్ళాక నాకు ఉత్సాహం తగ్గింది. ప్రధాన సందు పొడవునా బహుమతి వస్తువుల కొట్లు, బొమ్మలతో అచ్చేసిన మెనూలు. కూడలిలో కూర్చుని తాగితే కాఫీ మూడు యూరోలు. చిస్తెర్నీనోలో నిలబడి తాగితే 1.20. పైన చర్చి మాత్రం బాగుంది. పదిహేనో శతాబ్దం నాటిది, ముఖద్వారం మీద చక్రంలాంటి కిటికీ, అందులో 24 ఆకులు. కింద కూడలిలో 1771లో నిలబెట్టిన సంత్ ఒరోంజో స్తంభం. తమ్ముడు ఫొటోలు తీస్తుంటే అమ్మకి కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టడానికి మ్యూజియంలోకి వెళ్ళాం, మనిషికి 5 యూరోలు.

నాకు గుర్తుండిపోయేది ఆ మ్యూజియమే. 1991లో ఈ ఊరి దగ్గర శాంతా మరియా దన్యానో గుహలో ఒక సమాధి దొరికింది. ఇరవై ఏళ్ళ వయసు గర్భిణి, 28 వేల ఏళ్ళ కిందటిది. కడుపులో నెలలు నిండుతున్న బిడ్డ ఎముకలు అలాగే ఉన్నాయి. తల చుట్టూ వందలాది చిన్న గవ్వల అలంకారం. ఒక చెయ్యి పొట్ట మీద. తవ్వినవాళ్ళు ఆమెకి డేలియా అని పేరు పెట్టుకున్నారు. నేను చదివి చెబుతుంటే అమ్మ కూర్చోవడం మరిచిపోయి నిలబడింది. "సీమంతం చేసి పంపించారే" అంది. తరవాత బయటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

భోజనానికి ఒరెక్యెత్తె తిందామని కూర్చున్నాం. బొటనవేలితో నొక్కి చేసే చిన్న చిప్పల్లాంటి పాస్తా, చేదు ఆకుకూరతో. శాకాహారులకి ఒక మాట: ఆ ఆకుకూర పోపులో చాలాచోట్ల చేప ముక్కలు కరిగిస్తారు, కంటికి కనపడవు. "సెంజా అచ్యూగె" అని ముందే చెప్పాలి. వడ్డించే అమ్మాయి తనే అడగడం ఆవిడ మంచితనం. మిరపకాయలు వేసిన నూనె సీసా బల్ల మీద పెట్టింది. అమ్మ ఆ సీసాని తన వైపు జరుపుకుంది.

తిరుగుదారిలో తోటల్లో ఆగాం. వెయ్యేళ్ళు దాటినవని చెప్పే చెట్లున్నాయి. మొదలు పురి తిప్పినట్టు మెలికలు పడి, మధ్యలో డొల్లగా, ఒక మనిషి దాక్కునేంత. కాయ ఇంకా కాస్తోంది. అయితే 2013లో దక్షిణాన గల్లీపోలి దగ్గర బయటపడ్డ జైలెల్లా అనే బాక్టీరియా లక్షల చెట్లని నిలువునా ఎండబెడుతూ ఉత్తరంగా జరుగుతోంది. ఒక నురుగు పురుగు రసం పీలుస్తూ చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. మందు లేదు. ఈ మైదానంలోనూ అక్కడక్కడ కొమ్మలు మాడిపోయి కనిపించాయి. ఓస్తూనిని దూరం నుంచి చూసి, మ్యూజియం చూసి, వెనక్కి వచ్చెయ్యమనే చెప్తాను.

అక్టోబర్ 31, లోకోరోతోందో దారిలో

చిస్తెర్నీనో పార్కు పిట్టగోడ దగ్గర నిలబడితే కింద దీత్రియా లోయ, ఎదర గట్ల మీద లోకోరోతోందో, మార్తీనా ఫ్రాంకా. చూపుకి చేతికందేలా ఉంటాయి. ఫోనుని నమ్ముకుని బయల్దేరితే అది మమ్మల్ని పెద్ద రోడ్డు దింపేసి రాతిగోడల మధ్య సందుల్లోకి తోసింది. సిమెంటు, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు అటూ ఇటూ, అద్దాలు మడిస్తే గాని కారు పట్టదు. చివరికి దారి ఒక తోటలో ఆగిపోయింది. అక్కడ కాయలు దులుపుతున్న పెద్దాయన మా గోడు విని, చేతులతో నాలుగు మలుపులు చెప్పి, మా మొహాలు చూసి ఇక లాభం లేదనుకుని తన మూడుచక్రాల బండి ఎక్కాడు. అమ్మ అరిచింది: "ఒరేయ్, ఇది ఆపే ఆటోరా!" నిజమే. మన ఊళ్ళలో జనాన్ని కుక్కుకుని తిరిగే ఆపే పుట్టింది ఇటలీలోనే, 1948లో. ఇక్కడ అది రైతు బండి, వెనక వలలు, బుట్టలు, కుక్క. ఆయన ముందు, మేం వెనక, తారు రోడ్డు దాకా దిగబెట్టాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం ఊపి, మా కారు తలుపు మీద రెండు తట్టి వెళ్ళిపోయాడు.

ఆ సందుల్లోనే త్రుల్లి దగ్గరగా చూశాం. పలక రాళ్ళతో గోపురం కప్పిన గుండ్రటి గుడిసెలు, వీటికీ సున్నం అతుకు లేదు. పక్కనున్న అల్బెరోబెల్లోని ఏలిన ప్రభువులు, కొత్త ఊరు కడితే రాజుకి కట్టాల్సిన పన్ను ఎగ్గొట్టడానికి జనం చేత ఇలా కట్టించారట. తనిఖీకి మనిషి వస్తున్నాడంటే పడగొట్టెయ్యొచ్చు. 1797లో రాజు నేరుగా ఆ ఊరికి స్వేచ్ఛ ఇచ్చాక ఆ బాధ పోయింది. అల్బెరోబెల్లోకి మేం వెళ్ళలేదు. బస్సులు బారులు తీరి ఉంటాయని ఇంటావిడ ముక్కు చీదింది.

లోకోరోతోందో గుట్ట మీద గుండ్రంగా చుట్టుకున్న ఊరు. కప్పులు వాలుగా, బూడిదరంగు పలకలతో. మిగతా ఊళ్ళ చదును కప్పుల మధ్య ఇది వేరుగా కనిపిస్తుంది. తెల్ల వైనుకి పేరు, గ్లాసు 4 యూరోలు, పుల్లగా చల్లగా బాగుంది. అంతకుమించి నాకేం పట్టుబడలేదు. భోజనం మాత్రం గుర్తుంది. ఫావె ఎ చికోరియా: ఎండు ఫావా చిక్కుడు పప్పుని మెత్తగా ఉడికించి ఎనిపి, పక్కన చేదు ఆకు, పైన పచ్చి ఆలివ్ నూనె, 9 యూరోలు. పేదల తిండిగా మొదలై ఇప్పుడు ప్రతి హోటల్లోనూ ఉంది. అమ్మ ఒక చెంచా తిని, "పోపు పెట్టడం మర్చిపోయిన పప్పు" అంది. రెండో చెంచాకి నూనె ఇంకొంచెం పోసుకుంది. ప్లేటు ఖాళీ అయ్యాక, ఇందులో ఇంగువ పడితే, అని మొదలెట్టి దారంతా అదే చెప్పింది.

రాత్రి చిస్తెర్నీనో సందుల్లో దెయ్యాల వేషాలేసుకున్న పిల్లలు మిఠాయిలడుగుతూ తలుపులు కొడుతున్నారు. మా దగ్గర సున్నుండలుంటే ఇచ్చాం. ఒక పిల్ల మంత్రగత్తె వాసన చూసి, వాళ్ళ నాన్న వైపు చూసి, ఆయన తలూపాక నోట్లో వేసుకుంది. తిరిగొచ్చి ఇంకోటి అడిగింది.

నవంబర్ 1, భోలే బాబా

సకల పునీతుల పండుగ, దేశమంతా సెలవు. పొద్దున్నే కూడలి పక్కన పూల బండ్లు. బండ్ల నిండా చామంతులు. పసుపు, తెలుపు, ఊదా, ఒక్కోటి అరచెయ్యంత. అమ్మ ఆగుతుందా? రెండు గుత్తులు తీసుకుంది, 12 యూరోలు. పూలావిడ కాగితంలో చుడుతూ అమ్మ చెయ్యి నిమిరి ఏదో మెల్లగా అంది. కాఫీ తాగడానికి వెళితే కౌంటరు కుర్రాడు గుత్తులు చూసి గొంతు తగ్గించాడు, అమ్మకి ముందు ఇచ్చాడు. వీధిలో ఒకాయన టోపీ తీశాడు. ఇంటికి వచ్చాక ఇంటావిడ తలుపు తీసి, పూలు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు ఫోనులో తర్జుమా చేసి చెప్పింది: ఇటలీలో చామంతులు చనిపోయినవాళ్ళకే. రేపు ఆత్మల దినం, అందరూ ఈ పూలతో సమాధుల దగ్గరికి వెళతారు. ఇంట్లో పెట్టుకోరు, ఎవరికీ బహుమతిగా ఇవ్వరు. అమ్మ శాంతంగా విని, "ఇవి శివుడికని చెప్పవే" అంది. చెప్పాను. ఇంటావిడ ముఖం విప్పారింది. "ఆ, భోలే బాబా!"

ఆ పేరు ఒక ఆశ్రమానిది. ఊరికి కొద్ది దూరంలో, త్రుల్లి మధ్యలో ఉంది. పెట్టినావిడ లిజెత్తా కార్మి. 1924లో జెనోవాలో యూదు కుటుంబంలో పుట్టింది. యూదుల మీద జాతి చట్టాలొచ్చాక కుటుంబంతో స్విట్జర్లండ్ వెళ్ళిపోయింది. పియానో కచేరీలు చేసింది, అది వదిలి కెమెరా పట్టి ఓడరేవు కూలీలని, జెనోవాలో సమాజం వెలివేసిన ట్రాన్స్‌జెండర్లని ఏళ్ళ తరబడి ఫొటోలు తీసింది. 1976లో జైపూర్లో హైడాఖాన్ బాబాజీ అనే గురువుని కలిసింది. 1979లో ఇక్కడ ఆశ్రమం మొదలెట్టింది. 98 ఏళ్ళ వయసులో 2022లో ఈ ఊళ్ళోనే పోయింది. మాంసం కొట్టతను చేతులు జోడించడం వెనక నలభై ఏళ్ళ పరిచయం ఉందన్నమాట. 2012 చివర్లో ఇటలీ పార్లమెంటు చట్టం చేసి హిందూ సంఘంతో ఒప్పందాన్ని ఆమోదించింది కూడా.

సాయంత్రం హారతికి వెళ్ళాం. చెప్పులు బయట వరసగా, బూట్లతో కలిసి. లోపల జడలు నెరిసిన ఇటాలియన్ ఆడవాళ్ళు, ఒక జర్మన్ జంట, చంటిపిల్లతో ఒక అమ్మాయి. హార్మోనియం. "ఓం నమః శివాయ" వాళ్ళ నోట్లో అచ్చులు సాగదీసుకుని వస్తోంది, కానీ తాళం తప్పలేదు. నాకు మొదట్లో కొంచెం ఇబ్బందిగానే ఉంది. తెల్లవాళ్ళ నోట హారతి వింటే ఎక్కడ చూడాలో తెలియదు. అమ్మకా బాధ లేదు. సూటిగా ముందుకెళ్ళి చామంతుల్ని పెట్టేసింది. ఒకావిడ వాటిని చూసి క్షణం తటపటాయించి, మళ్ళీ అమ్మని చూసి, రేకలు విడదీయడానికి సాయం కూర్చుంది. తరవాత అమ్మ లింగాష్టకం ఎత్తుకుంది. ఎవరూ అడగలేదు. రెండో చరణానికి అందరూ కళ్ళు మూసుకుని వింటున్నారు. తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. ప్రసాదం హల్వా, నెయ్యి తక్కువ. ఇదీ అమ్మ అభిప్రాయమే.

నవంబర్ 2, మార్తీనా ఫ్రాంకా, తరవాత నూనె మిల్లు

శ్మశానం దారంతా కార్లు, చేతుల్లో చామంతులు. మేం ఆ పక్కనుంచి మార్తీనా వెళ్ళాం, తమ్ముడికి కపోకొల్లో కావాలిట. పందిమెడ మాంసాన్ని ఉడికించిన ద్రాక్షరసంలో కడిగి, ఈ గట్ల మీద పెరిగే ఒక రకం ఓక్ పొగ పట్టించి నెలలు ఆరబెడతారు. వాడు అరకిలో ముక్క కొన్నాడు, 18 యూరోలు. కొట్టువాడు రుచికి కోసిచ్చిన రేకు వెలుగులో పెడితే అవతల వేలు కనపడింది.

కాయ దిగే కాలం కాబట్టి ఊరి బయటి మిల్లు ఆదివారం కూడా నడుస్తోంది. ట్రాక్టర్ల వరస, గడ్డి కోసినప్పటి పచ్చి వాసన. గొట్టంలోంచి వచ్చే కొత్త నూనె చిలకాకుపచ్చ, గొంతులో మిరియం తగిలినట్టు ఘాటు. రొట్టె ముక్క మీద పోసి ఇచ్చారు, దగ్గొచ్చింది. ఘాటు ఉంటేనే మంచిదన్నాడు మిల్లాయన. లీటరు 11 యూరోలు, మూడు లీటర్ల డబ్బా తీసుకున్నాం. అమ్మ, "దీపానికి పనికొచ్చే నూనె వేరే ఉందేమో అడుగు" అంది. అడిగాను. ఆయన నవ్వాడు. ఒకప్పుడు ఈ నేల నూనె తినడానికి కన్నా వెలుగుకే ఎక్కువ పోయేదని, పద్దెనిమిదో శతాబ్దంలో గల్లీపోలి రేవు నుంచి ఓడలకెత్తి ఐరోపా నగరాల వీధి దీపాలకి పంపేవారని చెప్పాడు. తినడానికి పనికిరాని నూనెని ఇప్పటికీ దీపపు నూనె తరగతిలోనే లెక్కగడతారు, శుద్ధి చేశాకే తిండికి వాడతారు. అది చిల్లరగా అమ్మకూడదు. పోయిన ఏటిది సీసా అడుగున మిగిలింది తెచ్చి ఊరికే ఇచ్చాడు. మంచి నూనె కాల్చకండి, పాపం తగులుతుంది అన్నాడు. అమ్మ అందుకు ఒప్పుకోలేదు, దేవుడికి మంచిదే పెట్టాలంది. నేను అనువదించలేదు.

సర్దుకునేటప్పుడు గొడవ వచ్చింది. కపోకొల్లో, దీపం నూనె ఒకే పెట్టెలో పెట్టడానికి వీల్లేదని అమ్మ. బరువు సరిపోదని తమ్ముడు. ఆఖరికి మాంసం నా భుజం సంచీలో వచ్చింది, పుస్తకాల మధ్య. స్టుట్‌గార్ట్‌లో దిగాక ఫ్రిజ్‌లో కూడా పెట్టనివ్వలేదు, దేవుడి పెరుగు అందులోనే ఉందిట. బయట ఐదు డిగ్రీలే కదా అని తమ్ముడు తాడు కట్టి బాల్కనీ కడ్డీకి వేలాడదీశాడు. ఇది రాసేటప్పటికి అక్కడే ఉంది. కార్తీకం వెళ్ళడానికి ఇంకా రెండు వారాలు. పక్కింటావిడ ఇప్పటికే అదేమిటని అడిగింది.